ఫిర్యాదు అందిన తేదీ

నగరపాలక కార్యాలయంలో ఆయన్ని అందరూ నీడల సారు అనేవారు. మొహం మీద కాదు లెండి, వెనకాల. కరెంటు తీగలకూ మేడలకూ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి రాయడం ఆయన ఉద్యోగం. నిచ్చెన ఎక్కి కొలవాలని నిబంధన. ఆ సెక్షన్లో నిచ్చెన ఎక్కినవాణ్ని చూసినవాళ్ళెవరూ లేరు. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి వీధిలోకి వెళ్ళి, నేల మీద పడ్డ తీగ నీడకూ గోడ మొదలుకూ మధ్య టేపు పరిచి, వచ్చిన అంకె పుస్తకంలో వేసుకుని భోజనానికి వచ్చేయడం అక్కడి పద్ధతి. ఈయనకి ముందున్నాయనా అలాగే చేశాడు, ఆయనకి నేర్పినాయనా అలాగే చేశాడు.

తీగలు కరెంటు వాళ్ళవే. కానీ మేడకి అయిదడుగుల లోపు తీగ ఉంటే దాన్ని తీయించే అధికారం నగరానిది. దానికి పెద్ద తతంగమేమీ లేదు. నీడల సారు ఒక్క చీటీ రాసి పంపితే చాలు, కరెంటు వాళ్ళు ఆ పూటే సరఫరా ఆపి తీగ జరపాల్సిందే. అంతటి అధికారమూ ఆయన సొరుగులో చీటీల పుస్తకంగా పడి ఉంది. పన్నెండేళ్ళలో ఒక్క కాగితం చించిన పాపాన పోలేదు. చీటీ రాస్తే కరెంటు వాళ్ళతో మాట, మేడ యజమానితో మాట, పైవాళ్ళకి సంజాయిషీ. ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాడు.

పెద్ద బజారులో నాలుగంతస్తుల బట్టల దుకాణం ఉంది. దాని యజమాని మూడో అంతస్తు ముందుకి నాలుగడుగుల బాల్కనీ పెంచాడు. కిందటేడు నీడల సారు ఆ బాల్కనీ నీడలోనే చల్లగా నిలబడి టేపు పరిచాడు. గోడ మొదలు నుంచి తీగ నీడకి ఆరడుగులు. బాల్కనీ నీడ అంచు నుంచయితే రెండే. ఆ రెండడుగులూ కళ్ళారా చూశాడు. కానీ పుస్తకంలో ఉన్న గడి ఒక్కటే, ‘గోడ నుంచి తీగకు’ అని. ఆరు వేసి వచ్చేశాడు.

మూడు నెలల కిందట, భోజనం అయ్యి కునుకు పడుతుండగా బావమరిది ఫోన్ చేశాడు. అతను బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు అతని చేతి మీదుగా వచ్చినవే. తన అక్షరం బాగోలేదని ఎవరైనా అంటే రెండు రోజులు అన్నం సయించదు అతనికి.

“బావా, బట్టల దుకాణం బాల్కనీకి బోర్డు రాయాలి. తీగ మరీ దగ్గరగా కనిపిస్తోంది. ఎక్కమంటావా?”

సారు కుర్చీలోంచి లేవలేదు. పుస్తకం తిప్పాడు. ఆ రెండడుగులూ గుర్తుకు రాకపోలేదు. కానీ లేచి, ఆ ఎండలో పడి బజారు దాకా వెళ్ళడానికి ఒళ్ళు వంగలేదు.

“ఆరడుగులుందిరా. నేనే కొలిచాను. ఎక్కు, ఏం కాదు.”

బావ మాటంటే అతనికి అంత గురి. ఎక్కాడు. రంగు రోలరు ఇనప పిడి తీగకి ఆనింది. ప్రాణం దక్కిందే గొప్ప అన్నారు డాక్టర్లు. కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు.

ఆస్పత్రి నుంచి తిన్నగా అక్క ఇంటికే వచ్చాడు. సారు భార్య ప్రతి పొద్దునా తమ్ముడి చొక్కాకి గుండీలు పెడుతూ అదే పాట పాడేది.

“ఇంట్లో మనిషికి ఇదే ఉద్యోగం కదరా. బావని ఒక్క మాట అడగడానికి నీకేం రోగం?”

“తోచలేదక్కా” అనేవాడు తమ్ముడు, నేలచూపులు చూస్తూ.

పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని సారు సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఎవరైనా నిలదీస్తే చెప్పేద్దామని రోజూ అనుకునేవాడు. నిలదీసేదెవరు? ఆయన మీద ఎవరికీ అనుమానమే లేదాయె. పైగా ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ తీగ ఇంకా అక్కడే కనిపించేది. చీటీ రాస్తే ఆరు ఎందుకు రాశావంటారని, దాన్నీ అలాగే వదిలేశాడు మహానుభావుడు.

చివరికి కమిషనరుగారు విచారణ పెట్టారు. ఎక్కే ముందు ఎవరినైనా అడిగావా అని ఆవిడ పెయింటర్ని అడిగారు. లేదమ్మా, నా కంటి అంచనాయే తప్పింది అన్నాడతను, బావ వైపు చూడనైనా చూడకుండా. ‘పెయింటరు అజాగ్రత్త’ అని గుమస్తా రాసుకుంటుంటే సారు వింటూ కూర్చున్నాడు. ఆఖరున ఆవిడ, ఆ తీగ సంగతేమిటి, పోనీ ఇప్పుడైనా తీయిస్తారా అన్నారు. ఈ పూటే చీటీ రాస్తానని తలూపి, బావమరిదిని వెంటబెట్టుకుని తన గదికి వచ్చాడు.

సొరుగు లాగి చీటీల పుస్తకం తీశాడు. చీటీకి మూడు ప్రతులు. ఒకటి కరెంటు వాళ్ళకి, ఒకటి కమిషనరుకి, ఒకటి ఫిర్యాదుదారు ఇంటికి. ఎడం అన్న చోట రెండడుగులు అని వేశాడు. తరవాతి గడి ‘ఫిర్యాదు అందిన తేదీ’. కలం అక్కడ ఆగిపోయింది. కాసేపటికి మూడు నెలల కిందటి తేదీ వేశాడు. పక్కన ‘టెలిఫోను ద్వారా, నాకు’ అని రాశాడు.

బావమరిది అది చదివి కంగారుపడ్డాడు. “ఆ తేదీ వద్దు బావా. ఇవాళ్టిది వెయ్యి. ఈ కాగితం ఇంటికొస్తుంది. అక్క చూస్తే ఆవిడ మొహం ఎలా చూస్తావు?”

“మూడు నెలలుగా చూస్తూనే ఉన్నానుగా. సిగ్గులేకపోతే సరి.”

మిగిలింది ఫిర్యాదుదారు సంతకం. బావమరిది కలం ఎడమచేత్తో పట్టుకున్నాడు. కాగితం జారకుండా కుడి మోచెయ్యి ఆనించాడు. చాలాసేపు పట్టింది. గీత గడి దాటి కిందికి పోయింది, మధ్యలో ఒక అక్షరం సగమే పడింది. దాన్ని చూసుకుని అతని చెవులు ఎర్రబడ్డాయి.

“అస్సలు బాగా రాలేదు బావా. ఇంకో కాగితం ఉంటే ఇవ్వు, మళ్ళీ రాస్తాను.”

పుస్తకంలో మిగతా కాగితాలన్నీ అలాగే ఉన్నాయి. సారు తల వంచుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.