చప్పిడి కూడు

మా ఆయన లేచి నిలబడితే చాలు, పడిపోతాడు. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటాడు. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, అంతే. లేచి రెండడుగులు వేశాడా, కళ్ళు తేలేసి నా మీదికి వాలిపోతాడు. పడుకోబెడితే కాసేపటికి తెలివొస్తుంది. బెల్లం పెనం ముందు గంటల తరబడి నిలబడి పాకం తిప్పిన సోమన్నకి, ఇప్పుడు ఒంటికి వెళ్ళాలన్నా నా భుజమే కావాలి.

ఒకసారి బజార్లో పడిపోతే చుట్టూ మూగినవాళ్ళు నవ్వారు. "యుద్ధం రోజుల్లో తినడానికే నేదు, తాగడానికి ఎక్కడ దొరుకుతందో!" అన్నాడొకడు. నా ఒళ్ళు మండిపోయింది. వాడి నోట్లో మన్నుపడ, మా ఆయన కల్లు ముట్టి ఎరగడు.

వైద్యుడు చూసి వాతమన్నాడు. ఉప్పూ పులుపూ ముట్టొద్దని పథ్యం పెట్టాడు. ఆ పథ్యానికి కాపలా మా వదిన తల్లమ్మ. మా ఆయనకి అప్ప. మొగుడు జబ్బు చేసి పోయాక మా ఇంటికే వచ్చేసింది. తమ్ముడంటే ప్రాణం పెడుతుంది. వంట ఆమెదే, వడ్డన ఆమెదే.

"అప్పా, ఒక్క ఉప్పురాయి ఎయ్యే," అని బతిమాలేవాడు.

"నోరు కట్టుకోరా నాయనా. నెమ్మదించాక తిందువు గాని," అనేది, కళ్ళు తుడుచుకుంటూ.

ఏడాది చప్పిడి కూడు తిన్నాడు. నెమ్మదించడం మాట దేవుడెరుగు, పడిపోవడం ఎక్కువైంది. నేను పగలంతా బెల్లం దిమ్మలు మోసి, ఇంటికొచ్చి మళ్ళీ ఈయన్ని మోసేదాన్ని. నడుము విరిగిపోయేది. ఇంకెన్నాళ్ళురా దేవుడా అనిపించేది.

చుట్టాలింట్లో పురుడుందని వదిన దేవరాపల్లి వెళ్ళింది. ఆ వారమే పూడిమడక ఎరుకమ్మ చేపల గంపతో వచ్చింది. ఉప్పుచేప ఇమ్మన్నాను.

"ఏటే కాసులూ, మీ ఇంట్లో పథ్యం కాదేటి?"

"పథ్యం సేసి సేసి ఈయన మంచానికి అతుక్కుపోయేడు. నాకింక ఓపిక నేదప్పా. సత్తే తిని సత్తాడు."

నిప్పుల మీద కాల్చి గంజిలోకి పెట్టాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. చెంబెడు నీళ్ళు గడగడా తాగాడు. ఏమవుతుందోనని మంచం పక్కనే కూర్చుని చూశాను. ఏమీ కాలేదు. మర్నాడూ పెట్టాను, ఆ మర్నాడూ పెట్టాను.

వారం తిరక్కుండానే ఒక పొద్దున పెరట్లో దగ్గు వినిపించింది. పరుగున వెళ్ళాను. దడి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఓలమ్మో! ఎలా వచ్చేవయ్యా?"

"లేసేను, వచ్చేను," అన్నాడు. చేతులు అలాగే వణుకుతున్నాయి, మాట అలాగే ముద్దగా ఉంది. కానీ నిలబడ్డాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

వదిన తిరిగొచ్చింది. గుమ్మంలోనే వాసన పసిగట్టింది.

"ఉప్పుచేప పెట్టేవా? నా తమ్ముణ్ణి సంపెత్తావేటే?" అని మూట కింద పడేసి నా మీదికొచ్చింది.

మా ఆయన మంచం మీద లేచి, కాళ్ళు కిందికి వేలాడేసి కాసేపు కూర్చున్నాడు. మెల్లిగా నిలబడ్డాడు. తడబడుతూ పెరట్లోకి వెళ్ళి, ఎవరి సాయం లేకుండా తిరిగొచ్చాడు. వదిన నోరు తెరుచుకుని చూసింది.

"ఉప్పు తిన్నాకేనా ఇది?"

"అవును వదినా."

గుమ్మంలో చతికిలబడింది.

"నా మొగుడూ అడిగేడే కాసులూ. ఆకరి పూట కూడా. కూసింత ఉప్పెయ్యే తల్లమ్మా అని నా సెయ్యి పట్టుకున్నాడు. నేనే ఎయ్యనేదు."

"అన్నయ్య జబ్బు వేరు వదినా," అన్నాను. వేరో కాదో నాకేం తెలుసు?

అన్నాలవేళ ముగ్గురికీ వడ్డించాను. వదిన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఉప్పు ఎయ్యకే," అంది.