పోయినవాళ్ళకు వచ్చిన పిలుపు

పోస్ట్‌మ్యాన్ మునిచంద్ర ఆ ఊరికి కొత్త. అందుకే పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని కవర్ల మీది పేర్లు గట్టిగా చదవసాగాడు. కుప్పయ్య పేరు రాగానే వీధిలో మాటలు ఆగిపోయాయి. కుప్పయ్య పోయి ఏడేళ్ళయింది.

నిర్మలమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ పేరుతో అర్జీ రాసింది తనే మరి.

కాలువ నీళ్ళు తమ చెరువుల దాకా రావాలని పాకాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ ముఖ్యమంత్రికి పోస్టుకార్డులు రాస్తున్నాయి. కాలువ ఎటు తిరగాలో తేల్చేది నేల వాలు కాదని, ఏ ఊరి గొంతు పెద్దదైతే అటే తిరుగుతుందని కాలువ సాధన సమితి నాయకుడు గిరిప్రసాద్ అన్నాడు. ఊరికి ఐదు వందల కార్డులకు తగ్గకూడదన్నాడు. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన నిర్మలమ్మ తన ఊరి పని నెత్తికెత్తుకుంది. రాయలేనివాళ్ళకు తనే రాసిపెట్టి వేలిముద్ర వేయించింది. కాళ్ళరిగేలా తిరిగినా లెక్క నాలుగు వందల యాభై తొమ్మిది దగ్గర మొండికేసింది.

పాత ఓటర్ల జాబితా ముందేసుకుంటే, నీళ్ళు నీళ్ళు అంటూనే పోయినవాళ్ళ పేర్లు కనిపించాయి. బతికినన్నాళ్ళూ అడిగినవాళ్ళే కదా, ఇంకొక్కసారి అడిగితే తప్పేముందనుకుంది. నలభై ఒక్క కార్డులు రాసి తన వేలే ఒత్తింది. చివరిది మొగుడు చెంగయ్యది.

ప్రభుత్వం ఎటూ జవాబివ్వదన్న ధైర్యం ఒకటుండేది. అదీ పోయింది. విచారణకు స్వయంగా హాజరు కావాలని అచ్చు కాగితాలు అందరికీ వచ్చాయి, పోయినవాళ్ళతో సహా.

అప్పటినుంచి ఆమెకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. పట్టపగలే వసారాలో పోయినవాళ్ళంతా వచ్చి కూర్చున్నట్టుండేది. చెంగయ్య దగ్గు వినపడేది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. పిలిచింది తనే, పని కానిదే వాళ్ళు వెనక్కి పోరని ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

అంతకన్నా భయం కుప్పయ్య భార్య తిరుమలమ్మను చూస్తే. డెబ్బై దాటిన మనిషి, మొగుడు అడిగడిగి పోయినా నీళ్ళు రాలేదని కాలువ మాటెత్తితే మండిపడి, తాను కార్డు వేయనని మొహం మీదే చెప్పిన మనిషి. ఇప్పుడా కాగితాన్ని మొగుడి ఫొటో ముందు పెట్టి ఆయన తెల్లచొక్కా ఉతికి ఆరేసింది. ఎందుకని పొరుగువాళ్ళడిగితే, ఆయనకు పిలుపొచ్చింది, పోవాలి కదా అందట.

నిర్మలమ్మ గిరిప్రసాద్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన తేలిగ్గా నవ్వేశాడు. ఆఫీసరుకు మొహాలు తెలియవని, పోయినవాళ్ళ బదులు పాకాల నుంచి మనుషుల్ని పంపుతానని అన్నాడు. దొంగకార్డని తేలితే ఊరి అర్జీ మొత్తం కొట్టేస్తారు, నోరు మూసుకుని కూర్చోమన్నాడు.

బడి ఆవరణలో విచారణ మొదలైంది. ఆఫీసరు కుప్పయ్య పేరు పిలవగానే ఎవరో బట్టతల మనిషి లేచి, ఉన్నానన్నాడు. తిరుమలమ్మ ఒళ్ళో చొక్కా పెట్టుకుని అతని వైపు చూసింది. కోపంగా కాదు. ఎక్కడైనా పోలిక దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు చూసింది.

ఆ చూపు నిర్మలమ్మ తట్టుకోలేకపోయింది.

“ఆయప్ప కుప్పయ్య కాదు సార్. కుప్పయ్య లేడు. ఆ కార్డు నేనే రాసినాను.”

ఆ తర్వాత పోయినవాళ్ళ పేరు వచ్చిన ప్రతిసారీ తనే లేచి, లేరని చెప్పింది. పాకాల మనుషులు ఒక్కొక్కరే గోడవారగా జారుకున్నారు. సాయంత్రానికి నలభై పేర్లయ్యాయి. ఆఫీసరు చెంగయ్య అని పిలిచాడు. ఈసారి ఆమె లేవలేదు. ఆయన మళ్ళీ పిలిచాడు.

“లేడు సార్,” అంది తిరుమలమ్మ, కూర్చున్నచోటు నుంచే.

అర్జీ కొట్టేస్తున్నట్టు రాసుకుని ఆఫీసరు జీపెక్కాడు. నాలుగు వందల యాభై తొమ్మిది మంది నిజంగా అడిగిందీ ఆమె మూలంగా గాలికి పోయింది. జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తిట్లలో ఒక్కటీ అన్యాయమైంది కాదని నిర్మలమ్మకు తెలుసు.

తిరుమలమ్మ మాత్రం పోలేదు. దగ్గరికొచ్చి అడిగింది.

“కార్డుండాదా నీ కాడ?”

నిర్మలమ్మ సంచీ తడిమి ఒకటి తీసింది.

“నా పేరు రాయి. నేనుండంగానే రాసుకో. పోయినాక మాత్రం నన్ను పిలవొద్దు, నిర్మలా. ఆడికి పోయినా ఈ నీళ్ళ కోసరం మళ్ళా వచ్చి నిలబడలేను.”

నిర్మలమ్మ బడి మెట్ల మీద కూర్చుని రాసింది.