రెండోసారి తర్వాత

కలప వ్యాపారంలో మాట కూడా సరుకే. ఎప్పుడు దించాలో తెలియనివాడి చేతిలో అది తరుగైపోతుంది. మా అన్నయ్యకు ఆ సమయం తెలుసు.

కలప డిపోలో జరిగే దుంగల వేలంలో అందరూ మొదటినుంచీ పాట పెంచుకుంటూ పోతుంటే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, దారి తప్పి వచ్చినవాడిలా నిలబడేవాడు. వేలందారు "రెండోసారి" అని సుత్తి ఎత్తాక ఆయన నోట ఒక్క ధర పడేది. పోటీదారు అప్పటికే దుంగ తనదే అనుకుని లారీ ఎక్కడుందోనని చూస్తుంటాడు. తేరుకుని మళ్లీ లెక్కలోకి దిగేలోపు మూడోసారి అయిపోయేది. దుంగ కొలిచి చేవ ఎంతో చెప్పడం నా వంతు, పాడడం ఆయన వంతు. నేను పాడితే ధర ముందు నా ముఖంలో కనిపిస్తుందని వదిన ఎగతాళి చేసేది. అది నిజమే.

అన్నయ్య గొంతులో పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది, ఈ బేరం గిట్టుబాటేనని మేమంతా సరిపెట్టుకున్నాం. ఆయన సరిపెట్టుకోలేదు. పాడలేనివాడికి డిపోలో పనేముంది? అక్కడ నోటితో చెప్పిందే పాట, చేయెత్తితే చెల్లదు. పైగా బయటివాళ్లు ధరలు అందిస్తున్నారని ఫోన్లు, వైర్లు, పెట్టెలు లోపలికి రానివ్వరు.

ఆయన కూతురు చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. తండ్రి పాత ఫోన్ రికార్డింగుల్లోంచి గొంతు ఏరి, కట్టుడుపళ్ల సెట్టులా అంగిలికి అతుక్కునే పలక ఒకటి చేయించింది. ప్రాసెసరు, మెమరీ, బ్యాటరీ అన్నీ అందులోనే. నాలుకతో దాని మీది బుడిపెలు నొక్కితే ఆయన గొంతే ఆయన నోట్లోంచి వస్తుంది. పెట్టుకున్నాక అన్న మొదటి మాట, "కూరలో ఉప్పు లేదు."

"గొంతు తిరిగొచ్చిందనుకుంటే వంకలు కూడా వెనకాలే వచ్చాయి" అంది వదిన. అని వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

దాన్ని డిపోవాళ్లు తిప్పి తిప్పి చూసి, పళ్ల సెట్టులాంటిదేనని ఒప్పుకున్నారు. మొదటి వేలంలో అన్నయ్య ఎప్పటిలాగే నిలబడ్డాడు. రెండోసారి అయింది. సుత్తి లేచింది. ఆయన నాలుక కదిపాడు. సుత్తి పడింది. అందరూ పక్క దుంగ వైపు నడవడం మొదలుపెట్టాక, ఖాళీ గాలిలోకి ఆయన ధర పలికింది.

"మామా, అది నిన్నటి పాటా, రేపటిదా?" అన్నాడు గద్ద, మాతో పోటీకి పాడే వ్యాపారి. దూరంనుంచే మంచి దుంగను పసిగడతాడని అతనికి ఆ పేరు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వబోయాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు.

ఇంటికొచ్చి అన్నయ్య కూతుర్ని అడిగాను.

"మన సామిల్లే అనుకో బాబాయ్. రంపం ఎంత వేగంగా తిరిగితే ఏం, గోడౌన్నుంచి దుంగ రావాలి కదా. మెమరీ అంటే గోడౌను. ఆ రెంటికీ మధ్య దారి చూడడమే నా ఉద్యోగం. దారి ఎప్పుడూ తెరిచి ఉంచితే కరెంటు తినేస్తుంది, వేడెక్కుతుంది. అందుకే పని లేనప్పుడు నిద్రపుచ్చుతాం. లేవాలంటే మళ్లీ వేగం పుంజుకోవాలి, నాన్న గొంతంతా తోడుకోవాలి."

"పని లేదని దానికెలా తెలుస్తుంది?"

"కాసేపు నాన్న ఏమీ మాట్లాడకపోతే."

"అక్కడ మాట్లాడకపోవడమే ఆయన పనమ్మా."

ఆ పిల్ల పలకను చేతిలోకి తీసుకుంది. తండ్రిని ఎప్పుడూ భోజనాల బల్ల దగ్గరే విన్నది. అక్కడ ఆయన ఊరుకున్నాడంటే కడుపు నిండిందని అర్థం. ఆ లెక్కనే పలకకు నేర్పింది. మా డిపోలో ఆడపిల్లలు అడుగు పెట్టింది లేదు మరి.

పలకకు ఆ నిద్ర తీసేసింది. మెమరీని పూర్తి వేగంతో, ఎప్పుడూ మెలకువగా ఉంచింది. తర్వాతి వేలంలో సుత్తికీ దుంగకీ మధ్య అన్నయ్య మాట కత్తిలా దిగింది. గద్ద నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ సాయంత్రం అన్నయ్య అన్నం ముట్టలేదు. అంగిలి ఎర్రగా కాలిపోయింది. ఆయన ఎవరికీ చెప్పకుండా ఇంకో వేలానికి కూడా పెట్టుకెళ్లాడు. డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి వదినతో, "ఒక పుండు తీసి బతికించాం. ఇంకోటి మీరే పెంచుతున్నారా?" అన్నాడు.

అప్పుడు కూతురు దానికి సగం నిద్ర పెట్టింది. సగం కాలింది, సగం ఆలస్యమైంది. రెండు నష్టాల్ని కలిపితే లాభం రాదని ఏ చిల్లర కొట్టువాడైనా చెబుతాడు. వేలందారు గొంతు విని లేచేలా చేస్తే, డిపో పక్క మిల్లుల రంపాల మోతలో దానికి ఏ గొంతూ వినపడలేదు.

"పోనీ ముందే నాలుకతో తట్టి లేపు నాన్నా. రెండోసారికి తయారుగా ఉంటుంది" అంది.

అదీ చేశాడు. అయితే తట్టినప్పుడు బుగ్గ కదులుతుంది. గద్ద ఊరికే గద్ద కాలేదు. బుగ్గ కదిలితే వాడు ధర పెంచేవాడు. చెత్త దుంగ దగ్గరైతే పెంచినట్టే పెంచి, తప్పుకుని, దాన్ని మా నెత్తిన వేసేవాడు. జీవితమంతా దాచుకున్న ముఖాన్ని ఆ బుగ్గ బజారులో పరిచేసింది. కొద్దిరోజుల్లో పక్క ఊరి కుర్రకారు కూడా ఆయన బుగ్గనే చూడసాగారు.

చివరి వేలంలో మేమిద్దరం ఒకే దుంగ దగ్గర ఆగాం. అంత చేవ ఉన్న కర్ర నేను చాలాకాలంగా చూడలేదు. ఆయన చెవిలో చెప్పాను. తల ఊపి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పాట పెరిగింది, ఆగింది. రెండోసారి. గద్ద దుంగను చూడడం మానేసి అన్నయ్యను చూస్తున్నాడు. నేనూ ఆయన్నే చూస్తున్నాను. బుగ్గ కదలలేదు. సుత్తి పడింది.

గేటు దాటుతుంటే ఆయన నాలుక కదిలింది. కాసేపు నడిచాక, వెనక లారీకి దుంగ ఎక్కిస్తున్న గొలుసుల చప్పుడులో, ఆయన గొంతు వచ్చింది.

"మంచి కర్ర."

ఇంట్లో పలక తీసి కూతురి చేతికిచ్చి పడుకున్నాడు. మళ్లీ అడగలేదు. ఆమె దాన్ని తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చూసింది. రోజంతా దాదాపు నిద్రలోనే ఉందట. బ్యాటరీ నిండుగా ఉంది, వేడి అసలు లేదు.

"మా ఆఫీసులో ఇలాంటి రిజల్ట్ వస్తే చప్పట్లు కొడతారు బాబాయ్" అని, పలకను దాని డబ్బాలో పెట్టి మూత వేసింది.