టక్‌మనే వేలు

దుప్పటి పిండి తీగ మీద ఆరేశాను గానీ నా ఉంగరపు వేలు మాత్రం దుప్పటిని వదల్లేదు. అప్పటికి నాలుగు నెలలుగా ఇదే వరస. పిడికిలి తెరిస్తే మిగతా వేళ్లన్నీ తెరుచుకునేవి, అదొక్కటే కొక్కెంలా వంగి ఉండిపోయేది. ఎడమ చేత్తో పట్టుకుని లాగితే టక్‌మని లేచేది, ప్రాణం జివ్వుమనేది. మొదట్లో పొద్దున పూట మాత్రమే మొరాయించేది, రానురాను వేళాపాళా లేకుండా పోయింది.

నొప్పి సంగతి అలా ఉంచితే, మా ఇంట్లో దానికి మంచి పేరొచ్చింది. ఎవరైనా ఇంటికొస్తే చాలు, "ఏదీ, ఒకసారి టక్‌మనిపించు" అనేవారు మావారు. నేను టక్‌మనిపించేదాన్ని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నిజంగానే నవ్వొచ్చేది కాబట్టి. వాళ్లు తాగిన టీ కప్పులు కడిగేటప్పుడు మాత్రం ఒళ్లు మండేది. ఆయనకి మోకాలు నొప్పంటే ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించుకుంటుంది, కాపడం పెట్టేది నేనే. నా వేలు మాత్రం వచ్చేపోయేవాళ్లకి కాలక్షేపం.

నేను యూనిఫాంలు కుట్టే చోట కటింగ్ మాస్టర్ని. ఎనిమిది పొరల గుడ్డని గీత తప్పకుండా ఒక్క ఊపులో కత్తిరిస్తానని నాకు గర్వం. ఆ మాట చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు. అలాంటిది ఓ రోజు కాలరు సగంలో ఉండగా కత్తెర నా వేళ్ల మధ్యే ఇరుక్కుపోయింది. సూపర్‌వైజరు చూసి, "మేడం, వయసు మీద పడుతోంది కదా, రేపట్నుంచి గుండీల దగ్గర కూర్చోండి పోనీ" అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా పట్టిన కత్తెర. గుండీల మాట విన్నాక మొదటిసారి నాకు భయమేసింది.

మావారి వైద్యం మావారిది. "గోరువెచ్చటి నూనె రాయి, అదే పోతుంది. ఒక్క వేలికి స్పెషలిస్టేంటి, వింటే నవ్వుతారు." సగం రోజు సెలవు పెట్టి నేనొక్కదాన్నే వెళ్లాను, చేతులు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ అరచేతిలో వేలి మొదట్లో నొక్కింది. బఠాణీ గింజంత గడ్డ తగిలింది. వేలిని లాగే తాడులాంటిది ఒకటుంటుందట, అది సన్నటి గొట్టంలోంచి జారాలట. గొట్టం మందమై, తాడు వాచి, దారిలో ఇరుక్కుంటోందట. ట్రిగ్గర్ ఫింగర్ అంటారంది. నా వేలికి ఒక పేరుందని తెలిశాక సగం నొప్పి అక్కడే తగ్గినట్టయింది.

"రోజూ ఈ చేత్తో ఏమేం చేస్తారు?" అని అడిగి పెన్ను తీసింది. నేను లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పొద్దున తొమ్మిది దాకా వచ్చేసరికి ఆవిడ పెన్ను పక్కన పెట్టేసి వింటూ కూర్చుంది.

అప్పటికి ఇంజెక్షన్ ఇచ్చింది. రెండు నెలలు హాయిగా గడిచి, మళ్లీ మొదలైంది. ఈసారి వెళ్తే, "చిన్న ఆపరేషన్ చేసేద్దాం. చెయ్యొక్కటే మొద్దుబారుస్తాం, ఆ పూటే ఇంటికెళ్లిపోవచ్చు. మూడు వారాలు మాత్రం పిండడం, తోమడం, బరువులెత్తడం వద్దు" అంది.

ఆ మాటే ఇంట్లో చెప్పాను. "చేయించుకో, నేనేమైనా వద్దన్నానా?" అన్నారు మావారు. "ఆదివారం మా చెల్లి వాళ్లు వస్తున్నారు కదా, పదిహేను రోజులుంటారు. వాళ్లెళ్లాక చూద్దాం."

సరే అనబోయాను. ఇరవై ఏళ్ల అలవాటు, ఆ మాట ఎప్పుడూ నోటి చివరే ఉంటుంది.

అత్తయ్య అక్కడే కూర్చుని దిండు గలీబులు మడతపెడుతోంది. ఆవిడ కుడి చేతి మధ్యవేలు అరచేతిలోకి వంగే ఉంటుంది. నేను కాపురానికొచ్చేనాటికే అలా ఉంది, పుట్టుకతో వచ్చిందేమో అనుకుని నేనెప్పుడూ అడగలేదు.

"నాదీ టక్‌మనేదే" అంది తలెత్తకుండా. "మీ మామయ్య రిటైరయ్యాక చూద్దామన్నారు. తర్వాత అమ్మాయి పెళ్లన్నారు, తర్వాత దాని పురుళ్లు. ఓ రోజు ఆ చప్పుడు ఆగిపోయింది. నయమైపోయిందని అందరం సంతోషించాం. మూడ్రోజులకి తెలిసింది, ఇక అది తెరుచుకోదని."

ఏడుస్తూ చెప్పలేదు. గలీబు మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది. నేను వెళ్లి పక్కన కూర్చుని ఆ వేలు పట్టుకుని మెల్లగా లేపి చూశాను. కదల్లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

అక్కడే ఫోను తీసి ఆసుపత్రికి చేశాను. శనివారం ఖాళీ ఉందన్నారు. రాసుకోమన్నాను.

"శనివారమా? ఆదివారం పొద్దున్నే వాళ్లు దిగుతారు కదా, మరి వంటెవరు చేస్తారు?" అన్నారు మావారు, నిజంగానే అయోమయంగా.

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య చేతిలో గలీబు పక్కన పెట్టి కొడుకు చేతుల వంక చూసింది.

"నీ పది వేళ్లూ బాగానే తెరుచుకుంటున్నాయి కదరా" అంది.