పెద్దగండి దారిలో టేకు మండలు

నాది అనుమానపు బతుకు, దాచుకోను. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లుకు పత్తి కొంటాను. రైతు ఎంత నవ్వుతూ పలకరించినా, బండిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, నీళ్లు చల్లారా, అడుగున రాళ్లు పెట్టారా అని చూడనిదే ధర చెప్పను. ఇంట్లోనూ అదే చూపు అంటుంది నా భార్య నవత.

పత్తి సీజన్ మొదలయ్యేలోపు బోథ్ అవతలి పెద్దగండి నడిచి దాటాలన్నది ఆమె కోరికే. రెండు గుట్టల నడుమ నుంచి పోయే పాత కాలిబాట అది. రోడ్డు పడ్డాక జనం మరిచిపోయారు. దారంతా బండరాళ్లు, లోయలు, పైగా ఎలుగుబంట్లు. ఫోన్ పనిచెయ్యదు. నవత చెల్లెలు కోమల కూడా బయలుదేరింది. దారి చూపడానికి గుట్ట కింది ఊరి కొండల్‌ను మాట్లాడుకున్నాం.

కొండల్ నాకు మొదటి చూపులోనే నచ్చలేదు. బయలుదేరే ముందు పక్కకు పోయి ఫోన్లో మరాఠీలో మాట్లాడాడు. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో ‘ఇద్దరు ఆడవాళ్లు, మధ్యాహ్నానికి’ అన్నది అర్థమైంది. అడిగితే, “అవతలి ఊర్ల రొట్టెలు చెయ్యమన్న సార్” అన్నాడు. రొట్టెలకు ఆడవాళ్ల లెక్కెందుకు?

సగం గుట్ట ఎక్కేసరికి కొత్త బూట్లు కరిచి నవత మడమ పొక్కింది.

“మీరిద్దరు ముందుగాల పోయి పైన చాయ్ పెట్టుండ్రి. మేం మెల్లగ వస్తం” అంది.

నేను వద్దన్నాను.

“నీ పక్కపొంటి నడిస్తే అనుమానాలు వినుడే అయితుంది. పో జర!”

ఊట దగ్గర సీసాలు నింపుకుని వచ్చేసరికి కొండల్ గొంతు తగ్గించి అక్కాచెల్లెళ్లకు ఏదో చెబుతున్నాడు. వాళ్లు తలలూపుతున్నారు. ఏమిటన్నాను.

“దారి చెప్పిన సార్, ఫికర్ చెయ్యకుండ్రి.”

చూడని దారిని నోటితో ఎట్లా చెబుతారు? నాకు ఒళ్లు మండింది.

కొంతదూరం పోయాక బాట రెండుగా చీలింది. కొండల్ ఒక టేకు మండ విరిచి, ఎడమ బాటకు అడ్డంగా వేసి, గాలికి పోకుండా పైన రాయి పెట్టాడు. మేం కుడివైపు తిరిగాం. ఎవడి కోసం ఈ గుర్తు? ఫోన్లోని వాడి కోసమా? అనుమానం ఉన్నవాడు అడగడు, కనిపెడతాడు. బూటు లేసు కట్టుకునే నెపంతో వెనక ఆగి, మండను లోయలోకి విసిరేసి, రాయిని తన్నేశాను. ఆ పైన మరో రెండు చీలికల దగ్గరా అదే చేశాడు, అదే చేశాను. వాడి ఆట కట్టించానని లోలోపల మురిసిపోయాను కూడా.

పైన చాయ్ మరిగింది, చల్లారింది. గంటన్నర గడిచినా వాళ్ల జాడ లేదు.

“తప్పిపోతరా?” అన్నాను.

“ఎట్ల తప్పుతరు సార్? మండ అడ్డమున్న దిక్కు పోవద్దని అక్కకు చెప్పిన. ఎనుక వచ్చేటోళ్లకు మేం గట్లనే దారి మూస్తం.”

“ఆ మూసిన దారి ఏడికి పోతది?”

“లోయ అంచుకు. గడ్డి కమ్మి అంచు కనవడది.”

“మండలు నేను తీసేసిన కొండల్. మూడూ.”

కొండల్ నావైపు ఒక్కసారి చూశాడు. చేతిలో గ్లాసు పడేసి కిందికి ఉరికాడు. నేనూ పరుగెత్తాను, పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. అంత భయం నా జన్మలో ఎరగను. నవత పేరు పెట్టి అరుస్తుంటే గుట్టలు నా గొంతునే నాకు తిప్పికొట్టాయి. మూడో చీలిక దగ్గర ఎవరూ లేరు. రెండో దాని దగ్గరా లేరు.

మొదటి చీలిక దగ్గర, రెండు బాటల నడుమ బండ మీద, ఇద్దరూ కూర్చుని ఉన్నారు.

నేను ఏడ్చేశాను. నవత చెయ్యి పట్టుకున్నాను. ఆమె కొండల్‌తో మాట్లాడింది.

“నువ్వు పెడ్తనన్నవు, పెట్టే ఉంటవు. మండ లేదంటే ఎవలు తీసిండ్రో నాకు ఎరికే. ఎటు పోయినా ఆపతే అని గీడనే కూసున్నం.”

“నవతా, నేను...”

“పదిహేనేండ్ల సంసారం. నీ గుణం తెల్వకపోతే ఇయ్యాల లోయల ఉందుము.”

లేచి, తన చేతిని మెల్లగా విడిపించుకుంది.

“కొండలన్నా, నువ్వు ముందు నడువు. ఈయనను నడుమ పెడ్దాం. చేతులు మాకు కనవడాలె.”

నవ్వులాటకు అన్నదేమోనని తిరిగి చూశాను. ఆమె నవ్వడం లేదు.