కదలకూడని ఏడు రోజులు

ఐదో రోజు మధ్యాహ్నానికి మసుయోకు ఆసుపత్రి గది నేలంతా కంఠతా వచ్చేసింది. కిటికీ వైపు పగిలిన పలక, మంచంకోడు దగ్గర ఎవరో ఒలకబోసిన టీ మరక. ఇంక చూడ్డానికేమీ మిగల్లేదు. అరవై నాలుగేళ్ళ మనిషిని, మంచం చివర బిగించిన కన్నపు దిండులో ముఖం పెట్టించి బోర్లా పడేశారు.

కుడికంటి వెనక పొరలో, నట్టనడుమ, చిల్లు పడింది. డాక్టరు ఆపరేషన్ చేసి కంట్లోకి గాలిబుడగ ఎక్కించాడు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కనక, అది ఆ చిల్లును అదిమిపట్టి పూడ్చాలంటే ముఖం నేలకేసే ఉండాలి. తిండీ నిద్రా డాక్టరుకు దండం పెట్టడం, అన్నీ తలవంచుకునే. ఏడు రోజులు కుదురుగా ఉండకపోతే తన కష్టమంతా మట్టేనని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ కన్ను పోతే మసుయో పని పోయినట్టే. ఆగో అఖాతంలో ముత్యపు చిప్పలకు ఆపరేషన్ చేసే చేతుల్లో ఆమెది పేరున్న చెయ్యి. బతికున్న చిప్పను కొంచెమే తెరిచి, లోపలి మెత్తటి కండలో గాటు పెట్టి గుండ్రటి పూసను దాచాలి, దాని చుట్టూనే ముత్యం పెరుగుతుంది. లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కావాలి. మొన్నటి చలికాలం నించి ఆ కంటికి పూస అంచులే కనబడుతున్నాయి, నడుమ మాయం.

ఆపరేషనైన చిప్పల్ని బుట్టల్లో సర్ది, అలల్లేని మూల చూసి, తెప్పకు కట్టి నీళ్ళలోకి దించుతారు. మూడు వారాలు అవి కదలకూడదు. కుదుపు తగిలితే పూసను కక్కేస్తాయి. అలా కక్కిన చిప్పను చేత్తో పట్టుకుని, "పడి ఉండమంటే పడి ఉండలేవూ? నీ సొమ్మేం పోయింది?" అని మసుయో ఎన్నిసార్లు తిట్టిందో. ఇప్పుడా తిట్లన్నీ తిరిగొచ్చి తనకే తగులుతున్నాయి.

బొటనవేలి దగ్గర చిరిగిన మేజోళ్ళు వచ్చి మంచం పక్కన ఆగాయి. మొగుడు గింజి.

"నాచు చుట్టిన అన్నం ముద్దలు తెచ్చాను."

"బల్ల దగ్గర నా కుర్చీలో ఎవరున్నారు?"

మేజోళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కాయి. "యజమాని కోడలు. నువ్వొచ్చేదాకానే."

"దాని చేతిలో కత్తెర పెడితే కాగితం కూడా ఏడుస్తుంది." మసుయో మంచానికి చేతులు ఆనించింది. "ఏమయ్యా, ఇంక నావల్ల కాదు. మెడ పీకేస్తోంది. మనిషి ముఖం చూసి ఐదు రోజులైంది. లేస్తాను. పూడితే పూడింది, లేకపోతే లేదు."

"ఆగవే."

"ఆగి ఆగి చచ్చాను."

అన్నట్టే భుజాలు లేపింది. ఊపిరాడని కోపం అది. దిండు మీదా, గది మీదా, అన్నిటికన్నా తన మీదా.

కింద మోకాళ్ళు టకటకమన్నాయి. మూలుగులు వినిపించాయి. గింజి నేల మీద వెల్లకిలా పడుకుని, పాక్కుంటూ వచ్చి, సరిగ్గా ఆమె ముఖం కిందికి తన ముఖం చేర్చాడు.

"చూసుకో. మనిషి ముఖమే."

మసుయో ఎడమకంటితో చూసింది. "గడ్డం గీసుకోలేదేం?"

"చూసేవాళ్ళెవరున్నారని." గడ్డం తడుముకున్నాడు. "నీ బుట్టలు దించాక రోజూ సాయంత్రం తెప్ప మీద కూర్చుంటాను కదా, ఎందుకనుకున్నావ్?"

"సిగరెట్టు కాల్చడానికి. ఇంట్లో వద్దన్నానని."

"మానేసి పన్నెండేళ్ళయిందే. పడవలు జోరుగా పోతే అల లేస్తుంది. నేను కూర్చునుంటే మోటారు తగ్గించుకుని పోతారు. అంతే."

ముప్పై ఎనిమిదేళ్ళుగా అలా కూర్చుంటున్నాడు. మసుయో చెయ్యి పెడితే చిప్ప కక్కదని ఊరంతా అంటుంటే, ఆవిడ కూడా ఔననే అనుకుంది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆ మనిషి మీద ప్రేమ పొంగింది. భుజాలు దించి, నుదురు మళ్ళీ దిండుకు ఆనించింది.

"ఏడవకే. నోట్లో పడుతోంది."

తెల్లబూట్లు వచ్చాయి. నర్సు. "తాతగారూ, ఏంటిది? లేవండి, రోగుల్ని చూసే వేళ అయిపోయింది."

"మోకాళ్ళు పట్టేశాయమ్మా. లేవలేను."

"ఉండండి, ఎవరినైనా పిలుచుకొస్తా." బూట్లు గబగబా వెళ్ళిపోయాయి.

"నిజంగానే లేవలేవా?" అంది మసుయో.

"లేవగలను," అన్నాడు గింజి, కదలకుండా.