వదిలేసిన ఆకాశం

రికార్డింగు గదిలో అద్దానికి ఇవతల ఒక కుర్చీ ఎక్కువ ఉంటుంది. అది ఆపరేటర్‌ది. అతను ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేనివాళ్ళ కోసం గ్రంథాలయం వాళ్ళు పుస్తకాలు చదివించి రికార్డు చేస్తారు. మిగతావాళ్ళు ఆ రికార్డులు ఇంటికి పట్టుకెళ్ళి వింటారు. ఆపరేటర్ మాత్రం ప్రతి బుధవారం వచ్చి, చదువుతుండగానే వింటాడు. "వేడివేడిగా తినేదాన్ని చల్లార్చుకోవడం ఎందుకు?" అంటాడు.

అద్దానికి అవతల, మైకు ముందు కూర్చుని చదివేది అనౌన్సర్. రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. బుధవారం సెలవు. ఆ రోజు ఇక్కడికొచ్చి సైన్స్ ఫిక్షన్ నవలలు చదువుతుంది. ఇక్కడ వినేవాళ్ళు ఎక్కువగా అడిగేది అవే. మీటలు నొక్కేది సైలెన్స్. చదవడం మొదలయ్యే ముందు ఆ ఒక్క మాట గట్టిగా అంటాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ బుధవారం చదవడం అయ్యి అనౌన్సర్ ఇవతలికి వచ్చాక కూడా ఆపరేటర్ లేవలేదు.

"అక్కా, శనివారం నా వంతు."

"దేనికి?"

"పై గదిలో పాఠకుల సమావేశం. నాకిష్టమైన సైన్స్ ఫిక్షన్ రచయిత ఎవరు, ఎందుకు గొప్పవాడు. అరగంట మాట్లాడాలి. మా ఆవిడ వస్తానంది. మా ఆసుపత్రి వాళ్ళు కూడా వస్తున్నారు. రోజంతా నా గొంతు వినేవాళ్ళే, మనిషిగా ఎప్పుడూ వినలేదు వాళ్ళు."

"బాగుంది. ఎవరి గురించి? ఇంజనీరు గురించేనా?"

రచయితల పేర్లు నోరు తిరగక వాళ్ళు ముగ్గురూ మారుపేర్లు పెట్టుకున్నారు. ఇంజనీరు అంటే ప్రతి యంత్రాన్నీ విప్పి చూపించే రచయిత. డాక్టరమ్మ అంటే రోగాల మీద రాసే ఆవిడ. పెద్దాయన అంటే వేరే గ్రహాల మీద మనుషుల్ని దింపే రచయిత. పెద్దాయనవి నాలుగు నవలలు అనౌన్సర్ ఇప్పటికే చదివేసింది.

"ఇంజనీరు గొప్పవాడే," అన్నాడు ఆపరేటర్. "ఆయన యంత్రం పనిచేసేటప్పుడు చూపించడు, చెడిపోయినప్పుడు చూపిస్తాడు. అప్పుడు గాని మనకి దాని విలువ తెలీదు. డాక్టరమ్మ ఇంకా గొప్పది. రోగం వచ్చిందని ముందు డాక్టరుకి తెలీదు ఆవిడ కథల్లో. నేల తుడిచే మనిషికి తెలుస్తుంది. ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి, అది నిజమని నేను చెప్పగలను. కానీ వీళ్ళిద్దరూ కళ్ళతో రాస్తారక్కా. పెద్దాయన ఒక్కడే చెవితో రాస్తాడు."

అనౌన్సర్ పుస్తకం మూసింది.

"ఎవరైనా సరే, కొత్త గ్రహం మీద దిగగానే ఆకాశం రంగు చెబుతారు," అన్నాడతను. "పెద్దాయన చెప్పడు. కాలికింద ఇసుక కరకరమంది అంటాడు. అయిపోయింది. ఆ తర్వాత అందరూ మాట్లాడుకుంటూ నడుస్తారు. ఒక్కొక్కడూ ఒక్కో మాట పదేపదే అంటూ నడుస్తాడు. ఎందుకో చెప్పడు. నాలుగు పుస్తకాలు విన్నాను, ఒక్క చోటా రంగు లేదు. చూపున్న మనిషి అయ్యుండి ఒక్క రంగు రాయకుండా నాలుగు పుస్తకాలు! నాలాంటి వాడొకడు వింటాడని తెలిసి రాశాడక్కా. శనివారం ఇదే చెప్తాను."

సైలెన్స్ వైరు చుట్టుకుంటూ, "సందేహం వస్తాడు, జాగ్రత్త," అన్నాడు. సందేహం అంటే రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. ప్రతి సమావేశంలోనూ మొదటి వరసలో కూర్చుని "నాదొక సందేహం" అని లేస్తాడు. లేస్తే త్వరగా కూర్చోడు.

"రానీ. ఆయనకి ఈసారి సందేహం మిగల్చను," అన్నాడు ఆపరేటర్.

"ఇంజనీరు గురించి చెప్పరాదూ?" అంది అనౌన్సర్. "తేలిక కదా. యంత్రాలంటే అందరూ వింటారు."

"మీకు పెద్దాయనంటే పడదా ఏంటి?"

"అదేం లేదు."

"అయితే మరి?"

ఆమె బల్ల మీది కాగితాలు సర్దసాగింది. అతను నవ్వి కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన పుస్తకాల్లో రంగులు ఉన్నాయి. పేజీలకి పేజీలు ఉన్నాయి. చదివినవాళ్ళంతా ఆయన్ని మొదట మెచ్చుకునేది వాటికే. వాటిని వదిలేసింది అనౌన్సర్.

మొదటి నవల మొదలుపెట్టిన రోజు ఆమె పేజీ తిప్పింది. రెండు సూర్యుళ్ళు, ఆకుపచ్చ ఆకాశం అని కనబడింది. తలెత్తితే అద్దం అవతల ఆపరేటర్ మెడ ముందుకు చాచి కూర్చుని ఉన్నాడు. ఆకుపచ్చ అన్న మాట ఆ మనిషి మొహాన ఎలా అనాలో ఆమెకి తోచలేదు. ఉన్నదాన్ని లేనివాడికి చూపించి ఊరించినట్టు అనిపించింది. రెండు పేజీలు తిప్పి, ఇసుక కరకరమన్న దగ్గర అందుకుంది. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత వెలుగు, రంగు, కన్ను అన్న మాటలు పేరా మొదట్లో కనబడితే ఆ పేరా దాటేసేది. నాలుగు పుస్తకాలకి అది అలవాటైపోయింది.

స్టేషన్లో ఆమె చేసే పనీ అలాంటిదే. పట్టాల మీద మనిషి పడినా, బోగీలో మంటలు వచ్చినా మైకులో ఆ మాట చెప్పకూడదు. రైలు ఆలస్యంగా నడుస్తోంది, చింతిస్తున్నాము. అంతే. ప్రయాణికుల్ని కంగారు పెట్టకూడదని ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పారు. ఏది చెప్పకూడదో తెలియడమే ఆ ఉద్యోగం.

గురువారం ఆమె మొదటి నవల స్టేషన్‌కి తీసుకెళ్ళింది. రెండు రైళ్ళ మధ్య ఖాళీలో ఆ పేజీలు తీసింది. వాటిని ఆమె అంతకు ముందు చదవలేదు. మొదటి వాక్యం చూసి తిప్పేసింది, అంతే. ఇప్పుడు చివరిదాకా చదివింది. చదివాక మళ్ళీ మొదటికొచ్చింది. ఈలోగా ఒక రైలు వచ్చి నిలబడింది. పక్క సీటులో ఉన్న అమ్మాయి మోచేత్తో పొడిచి, "అక్కా, బండి! అది వెళ్ళిపోయాక చెప్తారా, వచ్చిందని?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. ఆపరేటర్ గది మెట్ల కింద ఉంది. ఒక బల్ల, బోర్డు, రెండు కుర్చీలు. అతను చెవులకి తగిలించుకున్న దాన్ని ఒకవైపు జరిపి, "అక్కా? ఇక్కడికొచ్చారేంటి? ఎవరికి బాగాలేదు?" అన్నాడు.

"అందరూ బాగానే ఉన్నారు. నీతో ఒక మాట చెప్పాలి."

"ఒక్క నిమిషం. నమస్కారం, ఆసుపత్రి. ఎక్స్‌రేనా? లైన్లో ఉండండి. ఆ, చెప్పండక్కా."

ఆమె చెప్పింది. బస్సులో వరసగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. పెద్దాయన పుస్తకాల్లో రంగులున్నాయి, నేను చదవలేదు, వదిలేశాను అంది. నాలుగింట్లోనూ అంది.

బోర్డు మోగింది. తీశాడు. "నమస్కారం, ఆసుపత్రి. డాక్టరుగారు రౌండ్సులో ఉన్నారండీ. గంటాగి చేయండి." ఆ గొంతులో తేడా ఏమీ లేదు. పెట్టేశాక అన్నాడు:

"నాకు వినబడేది."

"ఏంటి?"

"కాగితం. రెండేసి పేజీలు కలిసి తిరిగిన చప్పుడు. పుస్తకం పాతది, అంటుకున్నాయేమో అనుకున్నాను. నా చెవిది తప్పు అనుకున్నాను గాని మీ తప్పు అని ఒక్కసారి కూడా అనుకోలేదు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"నీకు బాధ కలుగుతుందని..."

"రంగంటే నాకు తెలీదనుకున్నారా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను రంగుల గురించి. నా చొక్కాలు నేనే కొనుక్కుంటాను. నీలం నాకు నప్పుతుందట, అడిగి మరీ నీలమే కొంటాను. మా ఆవిడకి కోపం వస్తే మొహం ఎర్రబడుతుందని మా అత్తగారు చెప్పింది. చెయ్యి పెట్టి చూశాను, వేడెక్కుతుంది కూడా. చూడకపోతే మాత్రం? అంతరిక్షం మీరు చూశారా? రెండు సూర్యుళ్ళు మీరు చూశారా? ఆ పుస్తకం ముందు మీరూ నేనూ ఒకటే కదా అక్కా. అందుకే కదా నేను ఆ పుస్తకాలే అడిగేది."

బోర్డు మోగింది. ఈసారి అతను రెండు మోతలు ఆగి తీశాడు.

"తెచ్చారా?" అన్నాడు తర్వాత.

"తెచ్చాను."

"చదవండి."

ఆమె చదివింది. ఫోను మోగినప్పుడల్లా ఆగింది, అతను పెట్టేశాక మళ్ళీ అందుకుంది. ఆ గ్రహానికి రెండు వైపులా రెండు సూర్యుళ్ళు. దేనికీ నీడ పడదు. వెలుగంతా ఒకే ఆకుపచ్చ. మొహమూ గోడా ఒకే రంగు. నీడ లేకపోతే ముక్కుకి ఎత్తు ఉండదు, కళ్ళకి లోతు ఉండదు. అంతరిక్షపు ఓడ దిగినవాళ్ళు ఒకరి మొహం ఒకరు గుర్తుపట్టలేకపోయారు. అన్న ఎదురుగా నిలబడితే తమ్ముడు, నువ్వెవరు అని అడిగాడు. అప్పుడు కెప్టెన్ చెప్పింది, ఇక్కడ కళ్ళు పనికిరావు, ఒక్కొక్కరూ ఒక్కో మాట పట్టుకోండి, నడుస్తున్నంతసేపూ అంటూనే ఉండండి అని. ఆ తర్వాతి వాక్యం, ఇసుక కరకరమంది.

చదవడం అయ్యింది.

"అందుకా వాళ్ళు మాట్లాడుకుంటూ నడిచింది," అన్నాడు ఆపరేటర్.

"ఊఁ."

"ఆ గ్రహం మీద అందరూ నాలాంటి వాళ్ళే."

"ఊఁ."

"ఆ పేజీలే తిప్పేశారు."

ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్షమించమని అడగడానికి వచ్చింది గాని ఆ మాట అడగడానికి మొహం చెల్లలేదు.

"రేపటి మాటేమిటి? మానేస్తావా?" అంది.

"ఎందుకు మానతాను? అందరికీ చెప్పుకున్నాను. అక్కడ పుస్తకంలో పేజీ ఒకటి పైకి చదివి వినిపించాలి, అది రూలు. ఇదే చదవండి, మీరే. ఇంకో మాట. ఎవరైనా అడిగితే నేను అబద్ధం చెప్పను. మీ పేరు కూడా చెప్పను. అది మీ ఇష్టం."

శనివారం పై గదిలో కుర్చీలు సరిపోలేదు. ఆసుపత్రి వాళ్ళు గోడ వారన నిలబడ్డారు. ఆపరేటర్ నీలం చొక్కా వేసుకొచ్చాడు. అతని భార్య మొదటి వరసలో సందేహం పక్కన కూర్చుంది. అనౌన్సర్ నిలబడి ఆ పేజీలు చదివింది. తర్వాత ఆపరేటర్ లేచాడు.

"నాలుగు పుస్తకాలు విని, ఈ రచయిత రంగులు రాయడు కాబట్టి గొప్పవాడని చెబుదామనుకున్నాను," అన్నాడు. కొందరు నవ్వారు. "నవ్వండి. నిన్నటి దాకా నాకు తెలిసింది అదే. ఇప్పుడు మాట మారుస్తున్నాను. ఈయన ఆకాశం రంగు చెప్పి ఊరుకోడు. ఆ రంగు పడితే మనిషికి మనిషి ఏమవుతాడో చెబుతాడు. ఆకాశాన్ని ఒక్కదాన్ని మార్చాడు, చూపున్నవాళ్ళందరూ తడుముకున్నారు. నేనైతే అక్కడ దారి చూపిస్తూ ముందు నడిచేవాణ్ణి. ఇంతకంటే గొప్పతనం నాకు తెలీదు."

చప్పట్లు ఆగకముందే మాస్టారు లేచాడు.

"నాదొక సందేహం. నిన్నటి దాకా తెలీదన్నావు. నాలుగు పుస్తకాలు విన్నానన్నావు. ఆకాశం మొదటి పుస్తకంలోనే ఉంది కదయ్యా?"

"నేను విన్నదాంట్లో లేదండీ."

"అదెలా? ఎవరైనా తీసేశారా?"

"తీసేశారు."

"ఎవరు?"

ఆపరేటర్ మొహం గది వైపే పెట్టి నిలబడ్డాడు. ఆమె ఎక్కడ కూర్చుందో అతనికి తెలుసు, అటు తిరగలేదు.

అనౌన్సర్ లేచింది. "నేనే. చదివేటప్పుడు వదిలేశాను. చూపు లేనివాళ్ళకి రంగులెందుకు, బాధపడతారని."

వెనక వరసలో ఒకావిడ, "అయ్యో, అందులో తప్పేముందమ్మా? మీ మనసు అలాంటిది," అంది. పక్కావిడ అవునంది. గోడ వారన నిలబడ్డ నర్సు, "పాపం, మంచికే కదా చేశారు," అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు కలిశారు. ఆపరేటర్‌కి కొట్టినవాటి కంటే అవి గట్టిగా మోగాయి. మాస్టారు కూడా సందేహం తీరినట్టు తలాడించి కూర్చున్నాడు.

ఆపరేటర్ నవ్వాడు. ఫోనులో, డాక్టరుగారు లేరండీ అని చెప్పేటప్పటి నవ్వు అది.

"మనసు కాదండీ," అంది అనౌన్సర్. చప్పట్లలో ఆ మాట ముందు వరస దాటలేదు. ఆమె స్టేషన్లో వాడే గొంతు తెచ్చుకుంది. "మంచితనం కాదు. ఆయన ఏం వినాలో నేను తేల్చాను. ఆయన్ని అడగలేదు. మీరు కూడా ఇప్పుడు నన్ను ఓదారుస్తున్నారు గాని ఆయన్ని అడగలేదు."

చప్పట్లు ఆగాయి. కుర్చీలు కదిలాయి. సమావేశం నడిపే పెద్దమనిషి టీ ఉందని చెప్పాడు.

బుధవారం ఆమె ముందుగానే వచ్చింది. నాలుగు నవలలూ మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేస్తానని గ్రంథాలయంలో చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. సైలెన్స్ తన తప్పు లేదన్నట్టు, "గొంతు సరిగ్గా పడిందా లేదా అనేదే నేను చూసేది," అన్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.

ఆపరేటర్ వస్తాడో రాడో ఆమెకి తెలీదు. వచ్చాడు. వెంట భార్య ఉంది. ఆవిడ చేతిలో అదే నవల ఇంకో ప్రతి ఉంది. అద్దానికి ఇవతల రెండో కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చుని పుస్తకం తెరిచి మొదటి వాక్యం మీద వేలు పెట్టింది.

"తమ్ముడూ," అంది అనౌన్సర్ మైకులోంచి.

"మొదలుపెట్టండి మేడమ్," అన్నాడు ఆపరేటర్.

"సైలెన్స్," అన్నాడు సైలెన్స్.

ఆమె చదివింది. ఓడ దిగే దాకా వచ్చింది. రెండు సూర్యుళ్ళు అంది. ఆకుపచ్చ అంది. పేజీ చివరికొచ్చి తిప్పింది. అద్దం అవతల ఇంకో పేజీ తిరిగింది. ఆపరేటర్ తల ఒకవైపు వంచి రెండు చప్పుళ్ళూ విన్నాడు. ఆమె తర్వాతి వాక్యం అందుకుంది.